పవర్ డిక్కీ: మన ఇంటికీ, మన ఊరికీ తగ్గట్టు సర్దుకుని వాడే పద్ధతి

బటన్ నొక్కితే తనంతట తనే లేచి, మళ్లీ నొక్కితే మూసుకునే డిక్కీ తలుపు ఒకప్పుడు బాగా ఖరీదైన కార్లకే ఉండేది. ఇప్పుడు ఇన్నోవా హైక్రాస్, ఎంజీ హెక్టర్, టాటా హారియర్, సఫారీ లాంటి కుటుంబ కార్ల పై వేరియంట్లలో కంపెనీ నుంచే వస్తోంది. కొన్నవాళ్లలో చాలామంది షోరూమ్‌లో ఎలా ఇచ్చారో అలాగే వాడేస్తుంటారు. ఆ సెట్టింగు మీ అపార్ట్‌మెంట్ సెల్లార్ కప్పును కొలిచి పెట్టింది కాదు. కొత్తపట్నం ఉప్పుగాలి, చీమకుర్తి రాతి దుమ్ము దానికి తెలియవు. కారు ఇంటికి వచ్చిన రోజే ఒక అరగంట కూర్చుని ఈ తలుపును సర్దుకుంటే తర్వాత వచ్చే గీతలు, సొట్టలు, సర్వీస్ సెంటర్ తిరుగుళ్లు చాలావరకు తప్పుతాయి.

లోపల ఏం జరుగుతుంది

మామూలు డిక్కీకి రెండు పక్కలా గ్యాస్ షాకర్లు ఉంటాయి. పవర్ డిక్కీలో వాటి చోట కాస్త లావుపాటి గొట్టాలు ఉంటాయి. ఒక్కో గొట్టంలో చిన్న మోటారు, పొడవాటి మర, గట్టి స్ప్రింగు ఉంటాయి. తలుపు బరువులో ఎక్కువ భాగం మోసేది స్ప్రింగే. మోటారు మరను తిప్పి తలుపును పైకి తోస్తుంది, కిందికి లాగుతుంది. కొన్ని కార్లలో ఒకవైపే మోటారు ఉంటుంది, రెండోవైపు మామూలు షాకరే. కింద లాక్‌లో ఇంకో బుల్లి మోటారు ఉంటుంది. తలుపు వచ్చి లాక్‌ను తాకగానే ఈ మోటారు దాన్ని పట్టి లోపలికి బిగిస్తుంది. చివర్లో వినిపించే ‘జ్..’ అనే చప్పుడు దానిదే.

వీటన్నిటినీ నడిపే కంట్రోల్ బాక్సు తలుపును చూడలేదు. మోటారు ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టి తలుపు ఎక్కడుందో తెలుసుకుంటుంది. మోటారు మామూలుకన్నా ఎక్కువ కష్టపడుతుంటే ఏదో అడ్డం వచ్చిందని అనుకుని ఆపేస్తుంది, వెనక్కి తిప్పుతుంది. కొన్ని కార్లలో తలుపు అంచుల వెంట ఒత్తిడిని పసిగట్టే రబ్బరు పట్టీలు కూడా ఉంటాయి. ఈ కొంచెం గుర్తుంటే కింద చెప్పబోయే సగం సమస్యలకు కారణం మీకే తడుతుంది.

మొదట కొలత, తర్వాత ఎత్తు

నెల్లూరు మాగుంట లేఅవుట్‌లోనో, ఒంగోలు కర్నూలు రోడ్డు పక్కనో అపార్ట్‌మెంట్లో ఉంటున్నవాళ్లు ముందుగా చూడాల్సింది సెల్లార్ దూలం. కప్పు ఎత్తుగానే ఉన్నా దూలాలు, నీటి పైపులు, ట్యూబ్‌లైటు పట్టీలు కిందికి దిగి ఉంటాయి. తలుపు పూర్తిగా తెరుచుకున్నప్పుడు దాని అంచు కారు టాపును దాటి పైకి పోతుంది. కింద అడ్డం వస్తే ఆగే యంత్రం పైన తగిలినా ఆగుతుంది, కానీ తగిలిన తర్వాతే. అప్పటికే పెయింటు లేచిపోయి ఉంటుంది.

కారును బయట ఖాళీ స్థలంలో పెట్టి డిక్కీ పూర్తిగా తెరవండి. నేల నుంచి తలుపు పైఅంచు దాకా టేపుతో కొలవండి. ఆ తర్వాత సెల్లార్‌లో మీ స్థలంలో అన్నిటికన్నా కిందికి ఉన్న వస్తువు ఎత్తు కొలవండి. రెండింటి మధ్య కనీసం 10 సెంటీమీటర్ల ఖాళీ లేకపోతే ఎత్తు తగ్గించాల్సిందే. వెనక గోడ సంగతీ ఇంతే. తలుపు లేచేటప్పుడు ముందు వెనక్కి ఊగి తర్వాత పైకి పోతుంది. అది బంపర్‌ను దాటి ఎంత వెనక్కి వస్తుందో ఒకరిని పక్కన నిలబెట్టి చూసుకోండి. చాలా కార్లకు దాదాపు ఒక మీటరు ఖాళీ వదిలితే సరిపోతుంది. పార్కింగ్‌లో చక్రాలు ఎక్కడిదాకా రావాలో నేలమీద సుద్దతో గీత గీసుకుంటే ఇంట్లో ఎవరు నడిపినా ఇబ్బంది ఉండదు.

ఎత్తు సెట్ చేసే పద్ధతి చాలా కార్లలో దాదాపు ఒకటే:

1. కారు ఆపి, ఆటోమేటిక్ అయితే గేరు పార్కింగ్‌లో పెట్టండి.
2. డిక్కీ తెరవండి. కావాల్సిన ఎత్తుకు రాగానే బటన్ నొక్కి ఆపండి. కొద్దిగా సవరించాలంటే తలుపు ఆగాక చేత్తో మెల్లగా కదపండి.
3. తలుపు కింది అంచున ఉన్న మూసే బటన్‌ను వదలకుండా 3 సెకన్లు, అవసరమైతే ఇంకాస్తసేపు నొక్కి ఉంచండి. బీప్ వినిపిస్తుంది, లేదా ఇండికేటర్లు వెలుగుతాయి.
4. మూసి, మళ్లీ తెరిచి చూడండి. అదే ఎత్తులో ఆగితే అయిపోయినట్టే.

కొన్ని కార్లలో ఈ పని స్క్రీన్ మెనూలో చేయాలి. మీ కారు పుస్తకంలో ఆ పేజీ ఒకసారి చదవండి. పాత ఎత్తు మళ్లీ కావాలంటే తలుపును చేత్తో పూర్తిగా పైకెత్తి అదే బటన్‌ను అలాగే నొక్కి పట్టుకుంటే చాలు.

ఎత్తు విషయంలో ఇంకో సంగతి. ఇంట్లో పొట్టిగా ఉండే పెద్దావిడ కింద నుంచి బటన్ అందుకోగలగాలి, పొడుగ్గా ఉండేవాళ్ల నుదురు తలుపు మూలకు తగలకూడదు. రెండూ కుదరకపోతే అందరికన్నా పొట్టివాళ్లకు తగ్గట్టు పెట్టండి. పొడుగువాళ్లు వంగగలరు, అందనివాళ్లు మాత్రం ఏమీ చేయలేరు.

కాలితో తెరవడం

రెండు చేతుల్లో కూరగాయల సంచులు, చంకలో పిల్లాడు ఉన్నప్పుడే ఈ సౌకర్యం విలువ తెలిసేది. అయినా ‘కాలు ఊపితే పనిచేయదండీ’ అనే ఫిర్యాదే ఎక్కువ. కారణం చాలాసార్లు కాలు ఊపే తీరులోనే ఉంటుంది.

బంపర్ లోపల పైన ఒకటి, కింద ఒకటి సెన్సర్ తీగలు ఉంటాయి. కింది తీగ పాదాన్ని, పైది మోకాలి కింది భాగాన్ని పసిగడుతుంది. రెండూ ఒక క్రమంలో దగ్గరికొచ్చి దూరమైతేనే అది సైగ అని యంత్రం నమ్ముతుంది. కాబట్టి తాళం జేబులో ఉంచుకుని, బంపర్ మధ్యకు ఎదురుగా ఒక జానెడు దూరంలో నిలబడండి. పాదాన్ని నేరుగా బంపర్ కిందికి పోనిచ్చి, ఆపకుండా అదే దారిలో వెనక్కి తీయండి. మొత్తం ఒక సెకను పని. పక్కకు ఊపితే పనిచేయదు. పాదం లోపలే ఉంచి ఎదురుచూసినా పనిచేయదు. తీసిన వెంటనే ఒక అడుగు వెనక్కి జరగండి, తలుపు గడ్డానికి తగలకుండా.

కొన్ని కార్లకు సెన్సర్ మధ్యలో కాకుండా ఒక పక్కకు ఉంటుంది, పుస్తకంలో బొమ్మ చూసుకోవాలి. హ్యుందాయ్ టూసాన్ లాంటి వాటిలో కాలు ఊపే పనే లేదు. తాళం జేబులో పెట్టుకుని వెనక 3 సెకన్లు నిలబడితే తెరుచుకుంటుంది.

కారు కడిగేటప్పుడు తాళం ఇంట్లో ఉంచండి. పైపు నీళ్లు బంపర్ మీద పడి జారితే సెన్సర్ దాన్ని కాలే అనుకోవచ్చు. తాళం దగ్గర్లో ఉంటే తలుపు లేచి, సబ్బు నీళ్లు నేరుగా డిక్కీలోకి పోతాయి. బంపర్ కింద బురద పెచ్చులు కట్టినా కూడా సెన్సర్ మందగిస్తుంది. కాలితో తెరుచుకోవడం మానేసిందని సర్వీస్ సెంటర్‌కు వెళ్లేముందు తడిగుడ్డతో ఆ చోటు తుడిచి చూడండి.

బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండక్కి వెళ్లినప్పుడో, రద్దీగా ఉండే గుడి పార్కింగ్‌లోనో రిమోట్ బటన్ జేబులో పొరపాటున నొక్కుకుంటే డిక్కీ తెరుచుకుని అలాగే ఉండిపోతుంది. చాలా కార్లలో పవర్ డిక్కీని పూర్తిగా ఆపేసే స్విచ్చో, మెనూలో ఒక ఎంపికో ఉంటుంది. అలాంటి చోట్లకు వెళ్లేముందు దాన్ని ఆపేసుకోవడం మంచి అలవాటు.

సామాను ఎక్కించేటప్పుడు

మామూలు డిక్కీని మూసేటప్పుడు అడ్డం తగిలితే చేతికి తెలుస్తుంది. యంత్రం మూసేటప్పుడు ఎవరి చేతికీ తెలియదు. పెళ్లి సామాను, వంట పాత్రలు కుక్కినప్పుడు ఒక గరిటె కాడో, ఫ్యాను రెక్కో, కుర్చీ కాలో వెనక అద్దం వైపు పొడుచుకుని ఉంటే తలుపు దిగేటప్పుడు అద్దం దాని మీదకే వస్తుంది. మోటారు ఆగేలోపే అద్దం పగలవచ్చు, సన్నటి మొన ఒక్క చోట తగిలితే చాలు. సామాను నిండా ఉన్న రోజు మాత్రం బటన్‌తో సగం దించి ఆపండి. పక్క నుంచి తొంగి చూసి, ఏదీ అద్దం గీతను దాటలేదని తెలిశాకే మళ్లీ నొక్కండి.

26 కిలోల బియ్యం బస్తాలు, నీళ్ల క్యాన్లు లాంటి బరువులు సీటు వీపుకు ఆనించి ముందు పెట్టండి. అంచు మీద పెడితే లాక్ కొక్కెం మీద బస్తా రాసుకుంటుంది. గోనె పీచు, బియ్యపు గింజలు లాక్ లోపల పడతాయి. తలుపు మూసుకున్నట్టే మూసుకుని మళ్లీ తెరుచుకునే జబ్బుకు ఇలాంటి చెత్తే చాలాసార్లు మూలం.

తాళాన్ని సామానుతో పాటు డిక్కీలో పెట్టి మూసేస్తే చాలా కార్లు పసిగట్టి బీప్ కొడతాయి. అయితే తాళం స్టీలు క్యారియర్‌లోనో, ఫోన్‌కు అతుక్కునో ఉంటే సిగ్నల్ అందకపోవచ్చు. తాళం ఎప్పుడూ ఒంటిమీదే ఉండాలి.

డిక్కీ తెరిచి బండి నడపవద్దు. పొడుగు సామాను ఉంది కదా అని మెల్లగానే వెళ్లినా పొగ గొట్టం నుంచి వచ్చే విషవాయువు లోపలికి లాక్కుపోతుంది.

పిల్లలు, చీర కొంగు, వేళ్లు

అడ్డం వస్తే ఆగుతుందన్న నమ్మకం కొంతవరకే మంచిది. గట్టి వస్తువు మధ్యలో వస్తే ఆగుతుంది. సన్నటి వేలు, మెత్తటి చీర కొంగు, సంచి తాడు యంత్రానికి అడ్డంగానే అనిపించవు. అందులోనూ చివరి కొద్దిపాటి దూరం లాక్ మోటారు బిగించేది. అక్కడ బలం ఎక్కువ, పసిగట్టే శక్తి తక్కువ. పిల్లలకు ఈ తలుపు ఆటవస్తువులా కనిపిస్తుంది కాబట్టి ఇంట్లో ఒక నియమం పెట్టుకోండి. మూసే బటన్ నొక్కేవాళ్లు తలుపు పూర్తిగా మూసుకునేదాకా అక్కడే నిలబడి చూడాలి. దూరం నుంచి రిమోట్‌తో మూసి నడిచిపోకూడదు.

ఆగే గుణం సరిగా ఉందో లేదో నెలకోసారి పరీక్షించండి. చేయి పెట్టి కాదు. పాత దుప్పటిని చుట్టగా చుట్టి అంచు మధ్యలో పెట్టి మూయండి. తలుపు తాకగానే ఆగి వెనక్కి లేవాలి. దుప్పటిని నలిపేసేదాకా వస్తే ఆ రోజు నుంచి బటన్ వాడకుండా సర్వీస్‌కు చూపించండి.

ఉప్పు, దుమ్ము, ఎండ, వాన

మైపాడు, కొత్తపట్నం బీచ్‌లకు తరచూ వెళ్లేవాళ్లు, చేపలూ రొయ్యలూ కారులో తెచ్చుకునేవాళ్లు ఈ భాగం కాస్త నిదానంగా చదవాలి. థర్మాకోల్ పెట్టెలోంచి కారే ఐసు నీళ్లలో ఉప్పు ఉంటుంది. అది అంచు వెంట పారి లాక్ లోపలికి, దాని కనెక్టర్‌లోకి దిగుతుంది. నెలల తర్వాత ఒకరోజు లాక్ మోటారు తిరగదు, విప్పి చూస్తే పిన్నులు పచ్చగా చిలుము పట్టి ఉంటాయి. చేపల పెట్టె కింద అంచులున్న ప్లాస్టిక్ ట్రే పెట్టండి, దాని కింద టార్పాలిన్ పరచండి. ఇంటికి రాగానే అంచును మంచినీళ్లలో తడిపిన గుడ్డతో రెండుసార్లు తుడిచి, పొడిగుడ్డతో ఆరబెట్టండి. ప్రెషర్ పంపుతో లాక్ లోపలికి గానీ, పక్క గొట్టాల మీదికి గానీ కొట్టవద్దు. నీటిని లోపలికి తోసేది ఆ ఒత్తిడే.

బీచ్‌లో గాలి బలంగా ఉన్నప్పుడు కారు ముక్కును గాలికి ఎదురుగా పెట్టి డిక్కీ తెరవండి. వెనక నుంచి గాలి కొడితే తెరుచుకున్న తలుపు తెరచాపలా ఊగి మోటారు గేర్ల మీద భారం పడుతుంది. తుపాను హెచ్చరిక ఉన్న రోజుల్లో అసలు బటన్ వాడవద్దు, చేత్తో పట్టుకుని తెరవండి.

గ్రానైట్ దుమ్ము ఎక్కువుండే చీమకుర్తి వైపు తిరిగే బండ్లకు గొట్టాల మీద సన్నటి పొడి పేరుకుంటుంది. దాన్ని పొడిగుడ్డతో తుడవండి చాలు. గ్రీజు, నూనె రాస్తే దుమ్ము వాటికి అంటుకుని లోపలి సీలును అరగదీస్తుంది. లాక్‌కు మాత్రం మూడు నెలలకోసారి ఈ సేవ అవసరం: పాత టూత్‌బ్రష్‌తో చెత్త దులిపి, తెల్ల లిథియం గ్రీజు పెసరగింజంత కొక్కెం మీద రాసి, మిగిలింది తుడిచేయాలి.

రోహిణి కార్తె ఎండలో గంటల తరబడి నిలిపిన కారుకు రెండు ఇబ్బందులు వస్తాయి. తలుపు చట్రం చుట్టూ ఉండే రబ్బరు బీడింగ్ మెత్తబడి పెయింటుకు అతుక్కుంటుంది, తలుపు మొదటి క్షణం లేవడానికి మొరాయిస్తుంది. దీనికి సిలికాన్ స్ప్రేను గుడ్డమీద కొట్టి బీడింగ్ చుట్టూ రుద్దితే చాలు. రెండోది, ఒకవైపు గ్యాస్ షాకర్ ఉన్న కార్లలో వేడికి గ్యాస్ ఒత్తిడి పెరుగుతుంది. తలుపు వేగంగా లేస్తుంది, మూసేటప్పుడు మాత్రం బరువుగా అనిపించి వెనక్కి తిరుగుతుంది. కారును కాసేపు నీడలో ఉంచితే మామూలవుతుంది.

నెల్లూరు, ప్రకాశం జిల్లాలకు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. అంతకుముందే, సెప్టెంబరులో, తలుపు కింది అంచున ఉండే చిన్న కన్నాలు చూసుకోండి. లోపలికి దిగిన నీరు బయటికి పోయే దారులవి. ఆకులు, మట్టి పట్టి మూసుకుపోతే నీళ్లు తలుపులోనే నిలిచి బరువు పెరుగుతుంది, అడుగున తుప్పు పడుతుంది. తలుపు కదిపినప్పుడు లోపల గలగలమంటే కన్నం మూసుకుపోయినట్టే. సన్నటి ప్లాస్టిక్ పుల్లతో తీయండి, ఇనుప తీగ వద్దు.

మొరాయిస్తే ఎక్కడ చూడాలి

బటన్ నొక్కితే బీప్ మాత్రమే వచ్చి తలుపు కదలకపోతే ముందు గేరు పార్కింగ్‌లో ఉందా, కారు లాక్ తీసి ఉందా, మెనూలో పవర్ డిక్కీ ఆపేసి ఉందా చూడండి. పిల్లలు వరుసగా పది పన్నెండుసార్లు తెరిచి మూసి ఉంటే మోటారు వేడెక్కి తనను తాను ఆపుకుంటుంది. పది నిమిషాలు వదిలేయండి.

సగం దాకా వెళ్లి వెనక్కి వస్తుంటే బీడింగ్ చుట్టూ తడిమి చూడండి. మడత పడిన మ్యాటు, జారిన పార్సిల్ ట్రే, సీటు వెనక తాడు లాంటిదేదో ఉంటుంది. ఏమీ లేకపోతే బ్యాటరీ మీద అనుమానం పెట్టుకోవాలి. రాత్రంతా ఆపి ఉంచిన కారు బ్యాటరీని పొద్దున మల్టీమీటర్‌తో కొలిస్తే 12.6 వోల్టుల దగ్గర ఉండాలి. 12.2కు దిగితే సగం ఛార్జే ఉన్నట్టు. హైబ్రిడ్ కార్లకు కూడా ఈ పనులు చేసేది చిన్న 12 వోల్టుల బ్యాటరీయే కాబట్టి పెద్ద బ్యాటరీ ఉందని ధీమా పడకూడదు.

కొత్త బ్యాటరీ వేసిన రోజు నుంచి తలుపు పిచ్చిగా ప్రవర్తిస్తే అది చెడిపోలేదు, తన లెక్క మరిచిపోయింది. చేత్తో పూర్తిగా మూసి, లాక్ బిగిసేదాకా ఆగి, బటన్‌తో ఆపకుండా పూర్తిగా తెరిచి, మళ్లీ పూర్తిగా మూయండి. చాలా కార్లు దీంతోనే దారికొస్తాయి. కొన్నింటికి రెండు బటన్లు కలిపి నొక్కే పద్ధతి ఉంటుంది, అది పుస్తకంలో ‘రీసెట్’ కింద ఉంటుంది.

ఒక పక్క ముందు, ఒక పక్క వెనక లేస్తున్నా, పైకెళ్లి మెల్లగా కిందికి జారుతున్నా గొట్టం లేదా షాకర్ బలహీనమైనట్టు. గ్యాస్ షాకర్ రాడ్డు మీద నూనె మరక కనిపిస్తే రుజువు దొరికినట్టే. ఇలాంటి తలుపు కింద తల పెట్టవద్దు. అత్యవసరంగా సామాను తీయాల్సి వస్తే ఒక మనిషి రెండు చేతులా పట్టుకుని నిలబడాలి.

పవర్ డిక్కీతో పాటు వెనక వైపరు, నంబరు ప్లేటు లైటు, రివర్స్ కెమెరా కూడా ఒక్కోసారి పనిచేయక, ఒక్కోసారి పనిచేస్తుంటే మోటారును అనుమానించవద్దు. కారు టాపుకూ తలుపుకూ మధ్య నల్లటి రబ్బరు గొట్టం ఉంటుంది. వైర్లన్నీ అందులోంచే పోతాయి. వేలసార్లు మడిచి విప్పితే లోపల ఒక్కో వైరు తెగుతుంది. గొట్టం ఒక చివర లాగి చూస్తే మంచి ఎలక్ట్రీషియన్‌కు అరగంటలో దొరుకుతుంది. మోటారు మార్చాలని ఎవరైనా అంటే ముందు ఆ గొట్టం చూపించమనండి.

బ్యాటరీ పూర్తిగా పడిపోయి డిక్కీలోంచి టూల్స్ కావాల్సి వస్తే రిమోట్ తాళంలోని ఇనుప తాళంచెవితో డ్రైవరు తలుపు తీయండి. వెనక సీటు మడిచి లోపలికి దూరి, తలుపు లోపలి వైపు లాక్ దగ్గర చిన్న ప్లాస్టిక్ మూత కోసం వెతకండి. దాన్ని స్క్రూడ్రైవర్‌తో తీసి లోపలున్న మీటను పక్కకు నెట్టి తలుపును బయటికి తోయాలి. ఇది పట్టపగలు ఒకసారి చేసి చూసుకోండి. అర్ధరాత్రి జాతీయ రహదారి 16 పక్కన మొదటిసారి వెతుక్కోవడం కష్టం.

బయట కిట్ వేయించాలంటే

కింది వేరియంట్ కొన్నవాళ్లు బయట షాపులో పవర్ డిక్కీ కిట్ వేయించుకోవచ్చు. కొన్ని కిట్లు బాగానే ఉంటాయి. చెడగొట్టేది ఎక్కువగా బిగించే తీరు. మీ మోడల్ కోసమే చేసిన కిట్ అయి ఉండాలి, బాడీకి కొత్త కన్నాలు వేయకుండా పాత షాకర్ల బోల్టుల మీదే కూర్చోవాలి. బరువైన తలుపుకు రెండువైపులా మోటారు ఉన్న కిట్టే తీసుకోండి. ఒక్క మోటారుతో తలుపు మెలిక తిరుగుతుంది. లాక్ బిగించే మోటారు కూడా కిట్‌లో ఉందా అని అడగండి, లేకపోతే తలుపు చివర్లో ‘దడేల్’మని పడాలి లేదా మీరు నెట్టాలి.

కరెంటు నేరుగా బ్యాటరీ నుంచి, బ్యాటరీ పక్కనే ఫ్యూజు పెట్టి తీసుకోవాలి. క్యాబిన్‌లో ఏదో ఒక వైరును గీకి టేపు చుట్టి కలిపితే ఒప్పుకోవద్దు. కంపెనీ కనెక్టర్లలోకి కనెక్టర్ల ద్వారానే కలపాలి. వైరు కోసిన చోట ఎలక్ట్రికల్ వారంటీ మీద పేచీ వస్తుంది కాబట్టి ముందే కారు డీలర్‌ను అడిగి, జవాబు రాతలో తీసుకోండి. తలుపులోకి వెళ్లే కొత్త వైర్లు కూడా ఆ రబ్బరు గొట్టంలోంచే పోవాలి. బయట వేలాడదీస్తే మొదటి వానకే నీళ్లు దిగుతాయి.

డబ్బు చెల్లించే ముందు అక్కడే మూడు పరీక్షలు చేయించండి. చుట్టిన దుప్పటి పెట్టి మూసి ఆగుతుందో లేదో చూడండి. పైపుతో తలుపు పైభాగం మీద ఐదు నిమిషాలు నీళ్లు పోయించి లోపలి లైనింగ్ తడిమి చూడండి. ఇంజిన్ ఆపి ఐదుసార్లు తెరిచి మూసి, చప్పుడు రెండువైపులా ఒకేలా ఉందో వినండి. తీసిన పాత షాకర్లు, పాత లాక్, బోల్టులు సంచిలో వేసి ఇంటికి తెచ్చుకోండి. కిట్ మొరాయించిన రోజున ఏ మెకానిక్ అయినా వాటిని తిరిగి బిగించగలడు, బండి అమ్మేటప్పుడు కిట్ తీసి అదే మోడల్ ఇంకో కారుకు వేసుకోవాలన్నా అవే కావాలి.